దగ్గు మీట

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన అతనికి ఊరొక్కటే కాదు, దేశమంతా మంచిదే అయ్యుండాలి. ఇరవై ఏడేళ్ళుగా టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వ్యాఖ్యానం చెబుతున్న మనిషి. పెళ్ళయిన కొత్తలో బావమరిది, "బంతి ఇటు నుంచి అటు పోయిందని చెప్పడానికి కూడా జీతమిస్తారా బావా, మాకు కనపడదా ఏంటి?" అని అడిగాడు. ఆ బావమరిదే ఇప్పుడు రైలెక్కితే చాలు, పక్కవాళ్ళతో మాట కలిపి, "ఆ గొంతు మా బావదేనండి" అని చెప్పి కిటికీ పక్క సీటు సంపాదిస్తున్నాడు.

గొంతంటే గొంతే. ముఖం ఎవరికీ పట్టదు. కొట్టు ముందు నిలబడితే ఎవరూ తలెత్తి చూడరు. "ఒక నీళ్ళ సీసా ఇవ్వండి" అనగానే కొట్టువాడితో సహా నలుగురు గిరుక్కున తిరుగుతారు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ అతను గొంతుగారే. గుర్తింపు కార్డు మీద తప్ప అసలు పేరు ఎక్కడా మిగల్లేదు.

ఈ ఉద్యోగం అతను వెతుక్కున్నది కాదు. అప్పట్లో ఒక పత్రికలో ఆటల పేజీకి స్కోర్లు సరిచూసే పని. ఒక ఆదివారం జట్ల జాబితా ఇచ్చి రమ్మని టీవీ స్టేషన్‌కి పంపారు. అక్కడ చెప్పాల్సిన పెద్దాయనకు ఆ పూట ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆట మొదలవడానికి పది నిమిషాలుంది. "ఈ పేర్లు తప్పు లేకుండా చదవగలవా?" అని అడిగారు. చదవగలనన్నాడు. ఆ పూటకని కూర్చోబెట్టినవాళ్ళు మళ్ళీ లేపలేదు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. మ్యాచ్‌కు ముందు రెండు రోజులు కూర్చుని నలభైమంది ఆటగాళ్ళకు నలభై అట్టముక్కలు రాసుకుంటాడు. ఎవరు ఏ కాలితో తంతారు, ఎవరు పరిగెత్తేటప్పుడు భుజం వంచుతారు, ఎవరికి మేజోడు జారిపోతూ ఉంటుంది, అన్నీ. ఇక చొక్కా మీద నంబరు కనపడక్కర్లేదు. మైదానం ఆ చివర వానలో తడుస్తున్నవాణ్ణి నడకను బట్టి పేరు పెట్టి చెప్పేస్తాడు. ఒకరిని చూసి ఇంకొకరి పేరు చెప్పడమంటే అతనికి తల కొట్టేసినట్టే. ఇరవై ఏడేళ్ళలో అలా చెప్పింది మూడుసార్లు. ఆ మూడూ తేదీలతో సహా గుర్తు.

బయటివాళ్ళకు తెలియని సంగతి ఇంకొకటుంది. వ్యాఖ్యాతల ముందు బల్ల మీద ఒక చిన్న మీట ఉంటుంది. దగ్గొస్తే అది నొక్కిపట్టి దగ్గుతారు. నొక్కినంతసేపు మైకు మూగ. అందుకే దాన్ని దగ్గు మీట అంటారు. దగ్గు సంగతేమో గాని, అతను దాన్ని వాడేది వేరే పనికి. ఆట రక్తి కట్టి కడుపులోంచి కేక తన్నుకొచ్చిందంటే ఎడమ బొటనవేలు వెళ్ళి మీట మీద పడుతుంది. అరుపులు, తిట్లు, "ఒరేయ్, కొట్టరా దద్దమ్మా" అన్నీ ఆ నొక్కుడులోనే అయిపోతాయి. వేలు తీశాక నిమ్మకు నీరెత్తినట్టు, "బంతి కుడివైపుకు వెళ్ళింది" అంటాడు. ఎంత నిదానమండీ ఆయనకు అని జనం మెచ్చుకునేది ఆ నిదానాన్నే.

ఏళ్ళ తరబడి అలవాటై ఆ బొటనవేలు అతని మాట వినడం మానేసింది. ఇంట్లో భార్యతో మాటా మాటా పెరిగినా కుర్చీ చెయ్యి మీద వేలు నొక్కిపెట్టి మనసులో ఉన్నదంతా పైకే అనేస్తాడు. భార్య లెక్కల టీచరు. దిద్దుతున్న పేపర్లలోంచి తలెత్తకుండా, "ఇక్కడ మీట లేదండీ. అంతా వినపడుతోంది" అంటుంది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల పుట్టిననాడు అతను వేరే దేశంలో సెమీఫైనల్ చెబుతున్నాడు. ఇయర్‌ఫోన్‌లో ప్రొడ్యూసర్, "ఆడపిల్ల సార్, ఇద్దరూ బాగున్నారు" అన్నాడు. వేలు నొక్కి ఒక కేక పెట్టి, వేలు తీసి, "కార్నర్ కిక్" అన్నాడు. ఆ పిల్లకిప్పుడు పదిహేనేళ్ళు. గోల్‌కీపర్. ఏడేళ్ళుగా ఆడుతోంది. ఈ ఏడేళ్ళలో కూతురి ఆట అతను ఒక్కసారి కూడా చూడలేదు.

చూడకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. శని ఆదివారాల్లో పిల్లలకు మ్యాచ్‌లు. ఆ శని ఆదివారాల్లోనే పెద్దవాళ్ళకూ మ్యాచ్‌లు. "వచ్చే వారం వస్తా తల్లీ" అని మొదట్లో అనేవాడు. ఆ వారం ఎప్పుడూ వచ్చే వారంగానే ఉండిపోయింది. మూడో ఏటికి పిల్ల అడగడం మానేసింది. మానేసిందన్న సంగతి కూడా భార్య చెబితేనే తెలిసింది. ఎవరెవరి బిడ్డల ఆటనో దేశానికి విప్పి చెప్పే మనిషి, సొంత బిడ్డ ఆట ఫోన్‌లో భార్య నోట వినేవాడు. సిగ్గేసేది. సిగ్గుపడుతూనే సూట్‌కేసు సర్దుకుని వెళ్ళేవాడు.

ఈ ఏడాది పెద్ద టోర్నమెంటు సముద్రాల అవతలెక్కడో జరిగింది. ఛానెల్ వాళ్ళు నెల ముందు నుంచే "మైదానం నుంచి నేరుగా, మీ గొంతుగారు" అని ఊదరగొట్టేశారు. తీరా బయల్దేరాల్సిన వారంలో ప్రొడ్యూసర్ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"వెళ్ళట్లేదు సార్. ఇక్కణ్ణుంచే చెప్పేద్దాం."

"ఇక్కణ్ణుంచంటే?"

"బొమ్మ వస్తుంది. జనం గోల ఇంకో లైన్లో విడిగా వస్తుంది. మీరు డబ్బాలో కూర్చుని చెప్పేయడమే. అక్కడున్నట్టే చెప్పాలి, ప్రకటనలు వేసేశాం కదా. ఇరవై మూడు రోజులు ఊళ్ళో ఎవరికంటా పడకుండా ఉంటే చాలు."

"ఇంట్లో?"

"ఇంట్లో కూడా సార్. గోడలకు చెవులుంటాయి. కనపడ్డారంటే నా చేతుల్లో ఏమీ ఉండదు, పైవాళ్ళు ఊరుకోరు. ముందే చెబుతున్నా."

డబ్బా అంటే స్టూడియో భవనం మూడో అంతస్తులో స్పాంజి అంటించిన గది. కిటికీ లేదు. రెండు కుర్చీలు, రెండు మైకులు, ఒక టీవీ, మధ్యలో వేడినీళ్ళ ఫ్లాస్కు. పక్క కుర్చీలో జాతీయ జట్టుకు ఒకప్పటి కెప్టెన్. ఆట మానేసి పన్నెండేళ్ళయినా అందరూ కెప్టెన్ అనే పిలుస్తారు. ఇద్దరికీ వెనక సందులోని గెస్ట్‌హౌసులో గదులిచ్చారు. తిండి గదికే వస్తుంది. కెప్టెన్‌కు ఇదంతా మహా సరదాగా ఉంది. "ఇక్కడ చల్లటి గాలి వీస్తోంది" అని మైకులో చెప్పి, ఏసీ వైపు చూపించి కన్ను గీటేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది వీళ్ళ వ్యవహారం. గొంతుగారికి మాత్రం "ఇక్కడ" అన్న మాట దగ్గరికొచ్చేసరికి నాలుక బరువెక్కేది. అయినా అనేవాడు. ఉద్యోగం మరి.

నాలుగో రోజు మధ్యాహ్నం గెస్ట్‌హౌసు నుంచి భార్యకు ఫోన్ చేశాడు. అక్కడెలా ఉందని ఆమె అడిగింది. ఎండ మండిపోతోందని చెప్పాడు. అంతలో ఆకాశం బద్దలైనట్టు ఉరిమింది. ఫోన్‌లో వినపడిందీ, కిటికీ బయట వినపడిందీ ఒకటే ఉరుము.

"ఏ వీధిలో ఉన్నారు?" అంది భార్య.

చెప్పక తప్పలేదు. అంతా విని ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "పిల్లకు మాత్రం చెప్పకండి. దాని నోట్లో నువ్వుగింజ నానదు" అంది. ఆ తర్వాత, "గురువారం నాలుగింటికి దానికి సెలక్షన్ మ్యాచ్. మున్సిపల్ గ్రౌండ్లో. మీరున్న చోటికి పది నిమిషాల నడక" అంది.

"దేనికి సెలక్షన్?"

"జూనియర్ జట్టుకి. చివరికి ఇద్దరు కీపర్లు మిగిలారు. ఒక్కళ్ళనే తీసుకుంటారు. తీసుకుంటే వచ్చే నెల నుంచి అకాడమీలోనే ఉండి చదువుకోవాలి. ఇంటికి సెలవులకే వస్తుంది." ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. "నాకా రోజు పరీక్షల డ్యూటీ పడింది. వెళ్ళలేను. ఊరికే చెబుతున్నా."

ఊరికే చెప్పే మనిషి కాదని అతనికి తెలుసు. ఆ పిల్ల అకాడమీకి వెళ్ళిపోతే ఇక ఆట చూడాలంటే అందరు తండ్రుల్లాగా అనుమతి చీటీ రాయించుకోవాలి. ఎంపిక కాకపోతే సరేసరి, ఆ బాధలో ఉన్న పిల్లను నీ ఆట చూస్తానని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? ఇన్నేళ్ళూ దేశాలు పట్టి తిరిగాడు. ఇప్పుడు పది నిమిషాల దూరంలో ఉండి కూడా చూడకపోతే దాన్ని పని ఒత్తిడి అనరు. రెండు రాత్రులు అటూ ఇటూ దొర్లి, కెప్టెన్‌కు చెప్పాడు.

కెప్టెన్ తేలిగ్గా తీసిపారేశాడు. "మీ మొహం మీ ఆవిడకు తప్ప ఎవరికి తెలుసు గొంతుగారూ? టోపీ పెట్టుకుని వెళ్ళండి. నోరు మాత్రం తెరవకండి. ఆరింటికి డబ్బాలో ఉండండి, అంతే."

గురువారం నాలుగింటికి పావుగంట ముందే టోపీ, ముక్కుకు గుడ్డ మాస్కు పెట్టుకుని గ్రౌండుకు వెళ్ళాడు. గేటు దగ్గర కాపలా మనిషి, "ఎవరి తాలూకు?" అని అడిగాడు. గొంతు పోయినట్టు దగ్గి, మెట్ల వైపు చెయ్యి చూపించాడు. కాపలా మనిషి జాలిపడి, "లోపల కుళాయి ఉంది, నీళ్ళు తాగండి" అన్నాడు.

ఒక పక్కన ఆరు వరసల సిమెంటు మెట్లు, వాటి ముందు ఇనుప కడ్డీలు. ఇంకో పక్కన వరసగా చెట్లు. మెట్ల మీద ముప్పై నలభై మంది తల్లిదండ్రులు, సంచులు, నీళ్ళ సీసాలు. మైదానం గట్టున ఒక బల్ల, బల్ల వెనక ఇద్దరు సెలక్టర్లు, వాళ్ళ ముందు కాగితాలు. వాళ్ళలో పెద్దావిడ మెడలో విజిల్ వేలాడుతోంది. ఆడేవాళ్ళలో ఒక జట్టుకు ఎర్ర బనీన్లు, ఇంకో జట్టుకు నీలం. కీపర్లిద్దరికీ ఒకే రకం ఆకుపచ్చ చొక్కాలు, తెల్ల టోపీలు. అతను మొదటి వరసలో ఒక చివర కూర్చుని కడ్డీ మీద చెయ్యి వేశాడు. కడ్డీకి బిగించిన బోల్టు తల ఒకటి బొటనవేలి కింద గుండ్రంగా తగిలింది. వేలికి అది హాయిగా ఉంది.

ఆట మొదలైంది. ఇవతలి గోల్లో ఉన్న పిల్లను చూస్తూనే అతని గుండె పొంగింది. ఏం ఎత్తు, ఏం చేతులు. అచ్చం వాళ్ళమ్మ పోలిక అనుకున్నాడు. బంతి వచ్చేలోపే రెండడుగులు పక్కకు వేసి సిద్ధంగా ఉంటోంది. ఎత్తులో వచ్చిన రెండు బంతుల్ని పళ్ళు కోసినంత సులువుగా అందుకుంది. మాస్కు వెనక అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి గాని మాట బయటికి రాలేదు. ఒకసారి అవతలి గోలు దగ్గర ఏదో జరిగి మెట్ల మీద జనమంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు, చాలాసేపు చప్పట్లు కొట్టారు. అతను కూర్చునే ఉన్నాడు. ఇవతలి పిల్ల మేజోళ్ళు పైకి లాక్కుంటుంటే అదే చూస్తూ ఉన్నాడు.

అరగంటకు విరామం. పక్కన కూర్చున్నావిడ నీళ్ళ సీసా మూత తిప్పుతూ అతనితో మాట కలిపింది.

"ఈ గోల్లో ఉన్నది మా అమ్మాయండి. బాగా ఆడుతోంది కదూ? కానీ అటువైపు పిల్ల ఇందాక పట్టిన బంతి చూశాక నాకు కాళ్ళాడట్లేదు. ఆ పిల్ల ఎవరనుకున్నారు, టీవీలో చెబుతారే, ఆ గొంతుగారి కూతురు. పాపం, దాని కోసం ఎవరూ రాలేదు."

అతను తలూపాడు. మైదానం చివరనున్న పరాయివాణ్ణి నడకను బట్టి చెప్పగలిగిన మనిషి, అరగంటసేపు పరాయి పిల్లను సొంత పిల్లనుకుని మురిసిపోయాడు. నలభై అట్టముక్కలు రాసుకునేవాడు, కూతురికి ఒక్క ముక్క రాసుకోలేదు. ఇంట్లో ఆ పిల్ల ఎప్పుడూ కుర్చీలో ఒదిగి కూర్చుని ఉండేది, లేదా నిద్రపోతూ. మైదానంలో ఎలా నిలబడుతుందో, ఎలా పరిగెత్తుతుందో అతనికి ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? పెళ్ళాం చెప్పిన మాటల్లో స్కోర్లే ఉండేవి.

రెండో సగానికి జట్లు అటూ ఇటూ మారాయి. కూతురు ఇవతలి గోల్లోకి వచ్చింది. మధ్యలో ఇరవై గజాలు కూడా లేవు. కీపర్‌కు తక్కువ ఎత్తే. మోకాళ్ళు వంచి, గ్లవ్స్ తొడల మీద రెండుసార్లు చరుచుకుంది. ఆ తర్వాత ముందున్న డిఫెండర్లతో, "కుడిపక్క మూసెయ్. నువ్వు అక్కడే ఉండు, కదలకు" అని చెప్పింది. అరవలేదు. మామూలుగా చెప్పినట్టే చెప్పింది, మైదానం మధ్యదాకా వినపడింది. అది అచ్చం అతని గొంతే. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ అతనికి చెప్పలేదు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. కూతురు, దూసుకొచ్చినవాళ్ళ కాళ్ళ మీద పడి ఒక బంతి, మోకాలితో ఇంకో బంతి ఆపింది. రెండుసార్లూ అతని బొటనవేలు బోల్టు మీద పడింది, పళ్ళ మధ్యనే కేక ఆగింది. చూడగా చూడగా సంతోషం అతని ఒంట్లో పట్టనంత అయింది. పక్కావిడ చీర కొంగు నలుపుకుంటోంది. బల్ల దగ్గర పెద్దావిడ ఏదో రాసుకుంటోంది. గోల్ ఎవరూ కొట్టలేదు. ఇంకో అయిదు నిమిషాలుంది.

అప్పుడు నీలం బనీన్ల పిల్లొకతె మధ్యలోంచి బంతి లాక్కుని దూసుకొచ్చింది. కూతురు ముందుకు వచ్చి దారికి అడ్డంగా నిలబడింది, సరైన చోటే. కానీ ఎడమపక్క వెనకాల ఇంకొకతె ఒంటరిగా వస్తోంది, ఎవరూ పట్టించుకోలేదు. మెట్ల మీదినుంచి అతనికి కనపడింది. అలాంటివి చూడడమే అతని వృత్తి. బొటనవేలు బోల్టును గట్టిగా నొక్కిపట్టింది. మీట పడింది, మైకు మూగబోయింది, ఇక ఏమన్నా ఫరవాలేదని వేలు అతనికి చెప్పింది.

"అమ్మలూ, వెనక చూడు! ఎడమపక్క ఖాళీ!"

ఇరవై ఏడేళ్ళు సానబట్టిన గొంతు. మైకు లేకపోయినా చెట్లదాకా వెళ్ళింది. కూతురు తల తిప్పింది. ఎడమపక్కకు తిప్పలేదు, మెట్ల వైపు తిప్పింది. సముద్రాల అవతల ఉన్న నాన్న గొంతు వెనకనుంచి వినపడితే ఎవరు మాత్రం తిప్పరు? బంతి ఆ పిల్ల భుజం పక్కనుంచి వెళ్ళి వలలో పడింది.

ఆ తర్వాత మెట్ల మీద ఒక్కొక్క తలే ఇటు తిరిగింది. "గొంతుగారు కదూ" అని ఎవరో అన్నారు. ఇంకెవరో, "విదేశాల్లో ఉన్నారుగా" అన్నారు. అప్పటికే నాలుగైదు ఫోన్లు పైకి లేచాయి. కూతురు అతని వైపు కాసేపు చూసింది. ఏడవలేదు. వలలోంచి బంతి తీసి మధ్యకు తన్నింది. మిగిలిన అయిదు నిమిషాలు ఇంకెటూ చూడలేదు. ఒకటి సున్నాతో ఆట ముగిసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అతను నేరుగా సెలక్టర్ల బల్ల దగ్గరికి వెళ్ళి మాస్కు తీశాడు.

"తప్పు నాదండీ. ఆ గోలు లెక్కలోకి తీసుకోకండి. పిల్ల తప్పేం లేదు."

విజిల్ వేసుకున్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఒక్క గోలు చూసి తీసుకోం సార్, ఒక్క గోలు చూసి తీసెయ్యం. మొదటి సగంలో మీ అమ్మాయి కార్నర్ బంతి పట్టింది చూశారుగా? అలాంటిది నేను పదేళ్ళలో చూడలేదు."

అతను చూశానన్నట్టు తలూపాడు.

"కానీ రేపు నిండు స్టేడియంలో ఆడాలి. నలభై వేలమంది అరుస్తారు. ఎవరు అరిచినా తిరగని పిల్ల కావాలి మాకు." ఆవిడ గొంతులో కటువుదనం లేదు. "మీకు నేను చెప్పేదేముంది. ఈ మాట మీరే టీవీలో వందసార్లు చెప్పారు."

అతను వెనక్కి తిరిగేసరికి పిల్లల వ్యాను గేటు దాటింది.

ఆ సాయంత్రం ఆరింటికి డబ్బా దగ్గర ప్రొడ్యూసర్ కాచుకుని ఉన్నాడు. ఫోన్ చూపించాడు. టోపీ పెట్టుకున్న మనిషి మాస్కు తీసి సెలక్టర్లను బతిమాలుతున్న వీడియో అప్పటికే ఊరంతా తిరిగేసింది. "ఇంటికెళ్ళండి సార్. మేమే కబురు చేస్తాం" అన్నాడు. ఆ రాత్రి కెప్టెన్ ఒక్కడే కూర్చుని, "మా గొంతుగారికి ఇక్కడి వాతావరణం పడలేదు" అని చెప్పాడట. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నారు. మర్నాడు ఛానెల్ వాళ్ళు సాంకేతిక కారణాలని ఒక ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. మిగిలిన మ్యాచ్‌లకు అతని కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టారు. పొరుగాయన గోడ మీదినుంచి, "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగాడు. బావమరిది ఫోన్ చేసి, "నిన్న రైల్లో నిలబడే వెళ్ళాను బావా" అన్నాడు. అన్నిటికీ ఊఁ కొట్టాడు. ఇవేవీ అతనికి పెద్దగా నొప్పి పుట్టించలేదు.

శనివారం జాబితా వచ్చింది. పొడుగమ్మాయిని తీసుకున్నారు.

కూతురు అన్నం తినడం మానలేదు, బడికి వెళ్ళడం మానలేదు. అడిగినదానికి జవాబిచ్చేది. "ఉప్పు ఇదిగో", "తలుపు వేశాను", అంతవరకే. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. క్షమించమని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ, "సర్లే నాన్నా" అంది.

సోమవారం సాయంత్రం ఆ పిల్ల భోజనాల బల్ల మీద పాత కాగితం పరుచుకుని, తడిగుడ్డతో గ్లవ్స్ తుడుచుకుంటోంది. అతను ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. పక్క గదిలో భార్య పేపర్లు దిద్దుతోంది.

"ఆ రోజు ఎప్పుడొచ్చావు?" అంది పిల్ల, తలెత్తకుండా.

"నాలుగింటికి ముందే."

"అయితే ఫస్ట్ హాఫ్ అంతా ఉన్నావు."

"ఉన్నాను."

"కార్నర్ నుంచి వచ్చిన బంతి ఒకటి పట్టాను. అందరూ దాని గురించే చెబుతున్నారు. నాకే సరిగ్గా గుర్తులేదు, ఎలా పట్టానో. ఎవరూ వీడియో తియ్యలేదు." ఇప్పుడు తలెత్తింది. "నువ్వు చెప్పు నాన్నా. టీవీలో చెప్పినట్టు చెప్పు."

చెప్పగలడు. అలాంటివి వేలు చెప్పాడు. గుంపులో ఎవరి తల ఎక్కడుంటుందో, బంతి ఎలా వంపు తిరుగుతుందో, కీపర్ వేలికొసలు ఎలా తాకుతాయో, మాటలన్నీ నాలుక చివర వరస కట్టి నిలబడ్డాయి. ఈ మధ్యనే కదా, లేని మైదానంలో లేని గాలిని దేశానికంతటికీ వీయించాడు. పిల్ల గుడ్డ పక్కనపెట్టి, చెంపకు చెయ్యి ఆనించుకుని చూస్తోంది. పుట్టిన తర్వాత ఆ పిల్ల అతన్ని తన ఆట గురించి ఏదైనా చెప్పమని అడగడం ఇదే మొదలు. పక్క గదిలో కలం చప్పుడు ఆగింది.

"చూడలేదమ్మా" అన్నాడు.

"ఉన్నానన్నావుగా."

"ఉన్నాను. ఇవతలి గోల్లో ఉన్న పిల్లను చూస్తూ కూర్చున్నాను. అది నువ్వే అనుకున్నాను. సగం ఆట అయ్యేదాకా నువ్వే అనుకున్నాను."

పిల్ల గుడ్డ తీసుకుని రెండో గ్లవ్ తుడవడం మొదలుపెట్టింది.

"ఆ అమ్మాయి నాకంటే జానెడు పొడుగు" అంది.

"ఇప్పుడు తెలిసింది."

"బాగా ఆడిందా?"

"బాగా ఆడింది."

కుర్చీ పోయినప్పుడు రాని ఏడుపు అతనికి అప్పుడొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పిల్ల చూసింది గాని చూడనట్టే ఊరుకుంది. గ్లవ్స్ రెండూ కిటికీలో ఆరబెట్టి, కాగితం మడిచి బుట్టలో వేసి, తన గది దాకా వెళ్ళి ఆగింది.

"శనివారం స్కూల్ మ్యాచ్ ఉంది. తొమ్మిదింటికి. రావాలనుంటే రా."

"వస్తాను."

"పసుపు జెర్సీ వేసుకుంటాను. నల్ల గ్లవ్స్. ఫస్ట్ హాఫ్ చెట్ల వైపు గోల్లో ఉంటాను." స్టేషన్‌కి తనను తీసుకెళ్ళడానికి వచ్చే ముక్కూ మొహం తెలియని మనిషికి ఆనవాళ్ళు చెప్పినట్టు, నిదానంగా, ఒక్కొక్కటీ చెప్పింది. వెక్కిరింపు ఏమాత్రం లేదు. "అప్పటికీ గుర్తుపట్టలేకపోతే అమ్మనడుగు."

సరేనన్నాడు.